సముద్రతీరమున బస

ఊరు చూచుట వేరు, ఊరిలో బసచేయుట వేరు. చూచుటకు కన్నులు చాలును. బసచేయుటకు కాళ్లు, నడుము, కడుపు, నిద్ర, ఇవన్నియు సమ్మతింపవలెను. యాత్రాగ్రంథములు వ్రాసినవారిలో పెక్కుమంది పురుషులు. అందును ఒంటరిగా తిరిగినవారు. కావున కొండకొననుండి కనబడు సూర్యాస్తమయమును గూర్చి వారు పుటలకొలది వ్రాయుదురు గాని, ఆ కొనకు మంచినీళ్లు మోసినది ఎవరో ఒక్క వాక్యమైనను వ్రాయరు. గడచిన వేసవిలో మేము కుటుంబముతో ఇటలీ దేశపు సముద్రతీరమున నాలుగు రాత్రులు గడపవలసివచ్చినది. ఏ యూర బసచేయవలెనను ప్రశ్న మా యింట ఇంచుమించు నెలదినములు నలిగినది. ఆ నలుగుటలో తేలిన సంగతులు కొన్ని మరికొన్ని గృహములకును పనికివచ్చునని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బడిపంతుళ్లకు ఇటలీ ప్రయాణమేమి యని పాఠకులు వింతపడనక్కరలేదు. మా అమ్మాయి మిలాను నగరమున విద్యార్థివేతనముపై చదువుచున్నది. ఆమె పట్టము పుచ్చుకొను వేడుకకు రమ్మని పట్టుపట్టగా, భవిష్యనిధినుండి కొంత సొమ్ము తీసి, మేమును మా గృహిణియు డెబ్బదిరెండేండ్ల మా తల్లిగారును బయలుదేరితిమి. అంతదూరము వచ్చి సముద్రము చూడకుండ తిరిగిపోవుదురా యని అమ్మాయి యనినది. మా తల్లిగారి మోకాళ్లు పదేండ్లుగా అరిగియున్నవి. చదునుగా నున్నచోట నడువగలరు, మెట్లన్నచో భయపడుదురు, ఎక్కుటకంటె దిగుటకు ఎక్కువ భయపడుదురు. పడుచుతనమున తిరుమల కొండను కాలినడకన ఎక్కిన మనిషి. ఈ మోకాళ్ల సంగతి ముందుగా చెప్పుటకు కారణము, మేము పోదలచిన తీరమంతయు మెట్లమయము.

లిగూరియా ప్రాంతమున, జెనోవా నగరమునకు ఆగ్నేయముగా, కొండలు తిన్నగా సముద్రములోనికి దిగిన చోట అయిదు పల్లెలు కలవు. వీనికి కలిపి చింక్వె తెర్రె యని పేరు. అయిదు నేలలని యర్థము. పడమటినుండి తూర్పునకు మోంతెరోస్సో, వెర్నాత్సా, కొర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె యని వరుస. ఒక్కొక్కదానికి నడుమ కొండ అడ్డము. 1874లో జెనోవానుండి లా స్పేత్సియాకు రైలుమార్గము పూర్తియగువరకు ఒక పల్లెనుండి మరియొక పల్లెకు కంచరగాడిదల బాటనైనను పోవలెను, పడవమీదనైనను పోవలెను. ఇప్పుడు రైలుబండి కొన్ని నిమిషములలో దాటించును. అదియు చాలవరకు సొరంగములలోనే. చీకటి, మరల ఒక్క క్షణము సముద్రము, మరల చీకటి. మా తల్లిగారు మొదటిదినమున ఆ వెలుగు వచ్చినప్పుడెల్ల చేతులు జోడించిరి.

ఆ కొండలను చూడనివారికి ఒక సంగతి విడమరచి చెప్పవలెను. అక్కడి పంటపొలము దేవుడిచ్చినది కాదు. వందలయేండ్లుగా మనుష్యులు కొండ చరియను తొలిచి, తీసిన రాళ్లను సున్నము లేకుండ ఒకదానిపై నొకటి పేర్చి గోడలు కట్టి, గోడవెనుక మట్టి నింపి, సన్నని మళ్లు చేసిరి. ఒక మడి మూడునాలుగు అడుగుల వెడల్పు కూడ ఉండకపోవచ్చును. అట్టివి క్రిందినుండి పైదాక మెట్లవలె. సున్నము లేకపోవుటయే ఆ గోడల గుణము. వాననీరు రాళ్ల సందులనుండి జారిపోవును గాని వెనుక నిలిచి గోడను త్రోయదు. ఈ విధముగా రాతిగోడ పేర్చు విద్యను 2018లో యునెస్కో వారు ఇటలీతోబాటు మరికొన్ని దేశముల పేరిట మానవజాతి వారసత్వముగా గుర్తించిరి. పల్లెలకును పొలములకును అట్టి గౌరవము 1997లోనే వచ్చినది. 1999లో ఆ ప్రాంతమును జాతీయోద్యానముగా చేసిరి. ఆ మళ్లలో పండునది ముఖ్యముగా ద్రాక్ష. ఎండబెట్టిన ద్రాక్షతో షక్కెత్రా యను తీపి మద్యము చేయుదురు. మద్యమును మేము ముట్టము, ముట్టువారిని మెచ్చము. అయినను ఆ గోడలు నేడు కూలక నిలిచియున్నవన్నచో ఆ ద్రాక్ష కొనువారుండుటవలననే యని ఒప్పుకొనక తప్పదు. ఈ చిక్కునకు మావద్ద సమాధానము లేదు. కోతకాలమున గంపలు దింపుటకు ఇప్పుడు ఒంటిపట్టాపై నడచు చిన్న యంత్రపుబండ్లు వచ్చినవి. అవి రాకమునుపు గంపలు మోసినవి మనుష్యుల భుజములు, ఆడువారి తలలు.

ఇక బస మాట. మా మనసులో ముందే ఒక ఊరున్నది. అది ఆ అయిదింటిలో లేదు. వానికి తూర్పుగా, లా స్పేత్సియా దాటి, లెరిచి పట్టణము ప్రక్కన శాన్ తెరెంజో యను చిన్న రేవు కలదు. 1822వ సంవత్సరమున షెల్లీ మహాకవి తన చివరి రోజులు గడపిన కాసా మాగ్నీ యను ఇల్లు అక్కడనే యున్నది. ఇరువదియేండ్లుగా పిల్లలకు షెల్లీని పాఠము చెప్పుచున్న మాకు ఆ యింటియెదుట ఒక ఉదయము నిద్రలేవవలెనను కోరిక యుండుట తప్పుకాదు గదా. మా అమ్మాయికి వెర్నాత్సా మీద మనసు. ఫోనులో దాని చిత్రములు మాకు దినమునకొకటి పంపెడిది. సహజముగా నేర్పడిన చిన్న రేవు, రేవు అంచుననే సాంతా మార్గెరీతా దేవాలయము, పైన పాతకోట బురుజు, రంగురంగుల యిండ్లు. అయిదు పల్లెలలో మిక్కిలి అందమైనది అదియే యని చూచినపిమ్మట మేమును ఒప్పుకొంటిమి.

అమ్మాయి చిత్రములు పంపుచుండగా మా గృహిణి ప్రశ్నలు పంపుచుండెను. ఆమె పుట్టుకతో పొదుపరి, మాటలలోను పొదుపే. ఆమె ప్రశ్నలు నాలుగు. స్టేషనునుండి బసకు మెట్లెన్ని? బసలో వంటచేసికొనవచ్చునా? కూరగాయల అంగడి ఎంతదూరము? రాత్రివేళ అత్తగారికి అవసరమైనచో మరుగుగది అదే అంతస్తులో నున్నదా? చిత్రములలో ఈ నాలుగింటిలో ఒక్కదానికైనను జవాబు లేదు. గదుల అద్దె ప్రకటనలలోను కానరాలేదు. అక్కడ సముద్రదర్శనము ముందు వచ్చును, మెట్ల లెక్క అడిగినగాని రాదు. అమ్మాయి ఒక్కొక్క యింటివారికి ఉత్తరము వ్రాసి జవాబులు తెప్పించినది.

జవాబులు వచ్చినకొలది పటము మారిపోయినది. కొర్నీల్యా సముద్రమునకు సుమారు 100 మీటర్ల యెత్తున కొండకొనపై నున్నది. అయిదింటిలో రేవు లేనిది అదొక్కటియే. స్టేషనునుండి ఊరిలోనికి ఇటుకమెట్లు, దాదాపు 380. ఊరిలోనికి చిన్న బస్సు నడచునన్నమాట నిజమే గాని, బండి దిగినవారందరు దాని కొరకే నిలిచియుందురు. మనరోలాలో స్టేషనునుండి సొరంగపుదారిన ఊరు చేరుట సులువు. చేరినపిమ్మట వీధి నిటారు. రియోమజ్జోరె అంతకన్న నిటారు. ఈ రెండింటినడుమ సముద్రపుటంచున చెక్కిన ప్రసిద్ధమైన కాలిబాట, ప్రేమమార్గమని పేరుగలది, 2012లో రాళ్లు పడి యాత్రికులకు గాయములగుటచే మూయబడి, 2024లో గాని పూర్తిగా తెరవబడలేదు. వెర్నాత్సాలో వీధి చక్కగా రేవుదాక దిగిపోవును. కాని అద్దెగదులు పాతయిండ్ల మూడవ, నాలుగవ అంతస్తులలో. మెట్లు ఒక మనిషి పట్టునంత సన్నము. పైకి తీసికొనిపోవు లిఫ్టు ఉండదు. మరియు ఇటలీవారు మొదటి అంతస్తన్నచో నేలపై నున్నది కాదు, దానిపైది. ఈ సంగతి తెలియక గది కుదుర్చుకొన్న ముసలివారి పాట్లు ఎన్నియో యుండును. మోంతెరోస్సోలో మాత్రము ఇసుకతీరము విశాలముగా నున్నది. స్టేషనున్న ఫెజీనా భాగము చదును. పాతయూరికి చిన్న సొరంగము గుండ నడచిపోవచ్చును. ఇటలీ మహాకవి, 1975లో నోబెల్ బహుమానము పొందిన మోంతాలె బాల్యపు వేసవులు గడపినది అక్కడనే. ఆ యూరు మాకు సరిపోవును. కాని చదునైనచోటు తక్కువగుటచే అక్కడి అద్దె మా పంతులుద్యోగమునకు సరిపోలేదు.

ఇంత జరుగుచున్నను మా తల్లిగారు ఏమనిరి? "మీకెక్కడ అనుకూలమైతే నాకూ అక్కడే, నాయనా" అనిరి. మన యిండ్లలో ముసలివారు, అందును భర్తను పోగొట్టుకొన్నవారు, ఈ వాక్యమును ఎంత బాగుగ కంఠస్థము చేసిరో పాఠకులకు తెలియనిది కాదు. ఏ గదిలో పడుకొందువని యడిగినను ఇదే మాట; ఏ కూర వండమందువని యడిగినను ఇదే మాట. ఈ మాటను సమ్మతిగా నెంచి పనులు జరుపుకొనుట మన యాచారము. ఇది సమ్మతి కాదు. తన యిష్టము చెప్పిన రోజున ఏమి వినవలసివచ్చినదో ఆమె మరువలేదు, అంతే. విద్య నేర్చిన యింటనైనను "అడిగితిమి, ఏమియు కోరలేదు" అని చేతులు దులుపుకొనుట చెల్లదు. మా గృహిణి అట్లు దులుపుకొనలేదు. ఒక మధ్యాహ్నము చిక్కుడుకాయలు ఒలుచుచు, వేరొక త్రోవన అడిగెను: "అత్తయ్యా, పొద్దున లేచి మీరొక్కరే బయటికి వచ్చి కూర్చోవాలంటే ఎలా ఉండాలి ఆ చోటు?" దానికి మాత్రము జవాబు తడుముకొనక వచ్చినది. "గడప దిగితే నేల తగలాలి. ఎవర్నీ లేపకుండా నేను బయటికి రాగలగాలి. ఎదురుగా నలుగురు పోతుంటే చూడాలి. సముద్రం పక్కనే ఉండక్కర్లేదు, ఎక్కడున్నా వినపడుతుందిలే."

సంస్కృతము చదివినవారికి ఇచ్చట రామాయణము జ్ఞప్తికి రాకమానదు. అరణ్యకాండమున పంచవటి చేరినపిమ్మట రాముడు లక్ష్మణునితో బస యెట్టి తావున నుండవలెనో చెప్పును: వైదేహి యెచ్చట సంతోషించునో, నీవును నేనును ఎచ్చట సంతోషింతుమో, నీరెచ్చట దగ్గరగా నుండునో అట్టిచోటు వెదకుమనును. మువ్వురలో వైదేహిని ముందు చెప్పుట మాకు ఎల్లప్పుడును ముచ్చటగా తోచును. లక్ష్మణుడు ఆ భారము అన్నగారిపైననే పెట్టును; రాముడు స్థలము చూపును; తమ్ముడు పర్ణశాల కట్టును. సర్గమంతయు చదివినను సీతను పిలిచి "నీ కిది బాగున్నదా" యని యడిగిన శ్లోకము మాత్రము మాకు దొరకలేదు. ఆ కాలమున అంతవరకు తలచుటయే గొప్ప. ఈ కాలమున అడుగుటకు ఖర్చేమి?

"గడప దిగితే నేల" అను కొలతతో వెదకగా దొరికిన యూరు లెవాంతో. ఇది అయిదు పల్లెలలోనిది కాదు. మోంతెరోస్సోకు పడమటగా రైలులో ఒక్క స్టేషను దూరమున, అయిదారు నిమిషములలో చేరవచ్చును. కొండలు కొంచెము వెనుకకు తగ్గి లోయ తెరచుకొనుటచే ఊరు చదును. ఇసుకయు గులకరాళ్లును కలసిన పెద్దతీరము, నిత్యావసరముల అంగళ్లు, తెల్లని నల్లని రాళ్ల చారలుగల పాత దేవాలయము. రైలుమార్గమును కొండల లోపలికి మార్చినపిమ్మట సముద్రపుటంచున మిగిలిన పాతసొరంగములను పాదచారులకును సైకిళ్లకును విడిచిరి. మెట్టన్నది లేకుండ ప్రక్కయూరిదాక నడచిపోవచ్చును. అచ్చట ఒక వీధిలో, నేలయంతస్తున, వంటగది గల రెండుగదుల వాటా దొరికినది. ముందొక రాతిబల్ల. కిటికీలోనుండి సముద్రము కనబడదు.

మా అమ్మాయి తేలికగా ఒప్పుకొనలేదు. ఆమె వాదము కొట్టివేయదగినది కాదు. పగటివేళ అయిదు పల్లెలలో ఇసుకవేసిన రాలనంత జనము. యాత్రికులు ఏటా లక్షలకొలది వత్తురు, ఆ పల్లెలన్నియు కలిపి అక్కడివారు కొన్నివేలే. సాయంకాలము బండ్లు వారిని తీసికొనిపోయినపిమ్మటనే పల్లె పల్లెగా నుండును. జాలరి వలలు సర్దుకొనుట, పిల్లలు రేవులో బంతి ఆడుట, ఆ గంటలో బసలో నున్నవానికే దక్కును. బయటి యూరిలో పడుకొని పగలు వచ్చిపోవువాడు అచ్చముగా ఆ రద్దీలో నొకడు. ఇదంతయు నిజము. కాళ్లు గట్టివై, చేతిసంచి తేలికయై, ఇద్దరే వచ్చినవారు వెర్నాత్సాలోనో మనరోలాలోనో పడుకొనవలసినదే. వారికి లెవాంతో వద్దని మేమే చెప్పుదుము. కాని ఆ పల్లెలలో ఇల్లిల్లు అద్దెగదియైనకొలది, అక్కడ పుట్టిన పడుచువారికి ఉండుటకు ఇల్లు కరవగుచున్నదన్న మాటయు నిజమే. అమ్మాయి కొంతసేపు ఆలోచించి, "నాన్నా, ఒకరోజు రాత్రి భోజనం దాకా వెర్నాత్సాలోనే ఉందాం, చివరిబండికి వద్దాం" అనినది. అట్లే చేసితిమి.

ఆ సాయంకాలము రేవుగట్టున కూర్చుండి ఆ యూరి కథ కొంత మా తల్లిగారికి చెప్పితిమి. 2011 అక్టోబరు 25వ తేదీన కొన్ని గంటలలో కుంభవృష్టి కురిసి, కొండలనుండి బురదయు రాళ్లును వెర్నాత్సా వీధిని మొదటి అంతస్తుదాక పూడ్చివేసినవి. వీధిక్రింద కప్పబడిన వాగు పొంగి పైకి వచ్చినది. ఆ యూర ముగ్గురు, మోంతెరోస్సోలో ఒకరు ప్రాణములు కోల్పోయిరి. దున్నువారు లేక విడిచిన మళ్ల గోడలు కూలిన తావుల కొండ ఎక్కువగా జారునని తెలిసినవారు చెప్పుదురు. మా తల్లిగారు వీధివంకయు కొండవంకయు చూచి, "అయితే పైన ఆ గోడలు పేర్చేవాళ్లు లేకపోతే కింద ఈ కాఫీ హోటళ్లుండవన్నమాట" అనిరి. మేము పుస్తకములలో రెండు పుటలు చదివి తెలిసికొన్నది అదియే.

భోజనము మాట కొంచెము. శాకాహారులకు ఆ తీరము కఠినముగా నుండునని భయపడితిమి. మోంతెరోస్సో ఉప్పుచేపలకు పేరుపొందినది గదా. కాని లిగూరియావారి ఫరినాతా యను పదార్థము మా తల్లిగారిని గెలిచినది. శనగపిండి, నీరు, ఉప్పు, ఆలివునూనె. ఈ నాలుగింటిని జారుగా కలిపి, పెద్ద రాగిపళ్లెరమున పోసి, కట్టెలపొయ్యిలో కాల్చుదురు. "ఇది మన శనగపిండి అట్టే, పచ్చిమిరప మరిచారు" అని ఆమె తీర్పు. తులసిజాతి ఆకుతో నూరు పెస్తో పచ్చడిలో వెల్లుల్లియు జున్నును చేరును. ఆ జున్ను చేయుటకు దూడపొట్టనుండి తీసిన తోడు వేయుదురని అమ్మాయి చెప్పగా మా తల్లిగారు దానిని తాకలేదు. వాటాలో వంటగది యుండుటచే చారు, అన్నము, వంకాయకూర దొరకని పూట లేదు. అయితే ఒక సంగతి. వంటగది గల బస యన్నచో యాత్రలోను ఆడుదానికి సెలవు లేదని యర్థము కారాదు. ప్రొద్దుటి వంట అమ్మాయిది, రాత్రి అంట్లు మావి యని ముందే యొప్పందము. నాలుగు రాత్రులును అంట్లు తోమితిమి. ఇటలీ పళ్లెములు మన పళ్లెములవలెనే జిడ్డు విడుచును.

మూడవనాడు శాన్ తెరెంజో పోయితిమి. లెరిచికి రైలు లేదు. లా స్పేత్సియాలో దిగి బస్సెక్కవలెను. రేవున చివరగా, క్రింద కమానులు, పైన వరండాతో తెల్లని కాసా మాగ్నీ. ఇప్పుడు ఇంటికిని నీటికిని నడుమ దారి యున్నది. నాడు లేదు, అలలు గోడను తాకెడివి, నేలయంతస్తున పడవలు, ఇసుక. ఆ సంవత్సరము ఏప్రిల్ చివర షెల్లీ కుటుంబమును విలియమ్సు దంపతులును వేరొక ఇల్లు దొరకక ఈ యొక్కయింటనే దిగిరి. షెల్లీకి ఆ చోటు స్వర్గము. జూలై 1వ తేదీన పడవపై లివోర్నో పోయి, 8వ తేదీన తిరిగివచ్చుచు తుఫానులో మునిగిపోయెను. వయసు ఇంకను ముప్పది నిండలేదు. వియరెజ్జో సమీపమున ఒడ్డుననే దహనము జరిగినది. ఈ భాగము ఏటేట తరగతిలో చెప్పుచు మేమే కంట తడిపెట్టుకొన్న దినములు కలవు.

మా గృహిణి ఇంటిని చాలసేపు చూచి, "అప్పుడు ఆయన భార్య ఏ గదిలో పడుకునుందో?" యని యడిగెను. ఆమెకు ఆ కథ మేము రైలులో చెప్పియుంటిమి. మేరీ షెల్లీకి అప్పటికి ఇరువదినాలుగేండ్లు. ముగ్గురు బిడ్డలను పోగొట్టుకొన్నది. అందులో ఇద్దరిని ఇటలీలోనే. మరల గర్భవతి. ఆ యింటిని, ఆ చుట్టుప్రక్కలను తానెంత ద్వేషించెనో ఆమె తన స్నేహితురాలికి ఆ యాగస్టునెలలోనే ఉత్తరము వ్రాసినది. 1839లో భర్త కావ్యములను అచ్చువేయించుచు వ్రాసిన టిప్పణములలో ఇంకొక సంగతి చెప్పినది: ఇంటికి కావలసిన వస్తువులు మూడున్నర మైళ్ల దూరమున నున్న సర్జానానుండి గాని రావు, నడుమ మాగ్రా యేరు. జూన్ 16వ తేదీన ఆమెకు గర్భస్రావమై రక్తము ఆగలేదు. వైద్యుడు అందలేదు. షెల్లీ మంచుగడ్డలు తెప్పించి, ఇతరులు సంకోచించినను, ఆమెను ఆ మంచులో కూర్చుండబెట్టి రక్తము నిలిపి ప్రాణము కాపాడినాడు. ఆయన మంచివాడు కాడని ఎవరనగలరు? భార్యను ప్రేమింపలేదనియు చెప్పజాలము. ఆమె కొరకు మంచు తెప్పించిన చేయియే ఆమెను వైద్యుడు రాలేని యింటికి తెచ్చినది. అంగడి యెంతదూరము, వైద్యుడెంతదూరము అను ప్రశ్నలు కావ్యమునకు పనికిరానివి. మా గృహిణి నాలుగు ప్రశ్నలలో నొకటి మాత్రము ఆ కాగితముపైనే యున్నది.

మా పాఠ్యపుస్తకములో షెల్లీ మరణమునకు ఒక పేరా కలదు. మేరీ పేరు ఒక్కసారి వచ్చును, ఆమె కల్పించిన రాక్షసుని కథకు రచయిత్రిగా. ఈ యేడు పదవతరగతివారికి షెల్లీ పాఠమునాడు సర్జానా అంగడి దూరము కూడ నల్లబల్లపై వ్రాసితిమి. వెనుకబల్లనుండి ఒక బాలిక లేచి, "అయితే సరుకులు ఎవరు తెచ్చేవాళ్లు సార్?" అని యడిగినది. పాఠము ఆ దినము అక్కడినుండి నడచినది.

లెవాంతోలో మా వాటా యజమానురాలు నడివయసుది. ఆమె తల్లి కూడ అదే యింటి వెనుకభాగమున నుండెడిది, ఎనుబదియేండ్లు దాటినది. పుట్టినది కొర్నీల్యాలో. పడుచుతనమున కోతకాలమున ద్రాక్షగంపలు తలపై పెట్టుకొని మళ్లమెట్లు దిగినదట. మోకాళ్లు చెడినపిమ్మట ఆ మెట్లు ఎక్కిదిగలేక, కూతురు ఈ చదునైన యూరికి తెచ్చుకొన్నదట. ఈ సంగతులు కూతురు అమ్మాయికి ఇటలీభాషలో చెప్పగా మాకు తెలిసినవి. కాని అంతకుముందే, మొదటి ఉదయముననే, మా తల్లిగారు ఎవరిని లేపకుండ తలుపు తీసికొని వచ్చి రాతిబల్లపై కూర్చుండగా, ఆ ముసలమ్మయు చేతికర్ర పట్టుకొని వచ్చి ప్రక్కన కూర్చున్నదట. మేము లేచి చూచునప్పటికి ఇద్దరును మాటలాడుచున్నారు. ఒకరిది తెలుగు, ఒకరిది ఆ తీరపు యాస. ఆమె తన కుడిమోకాలు తట్టి చూపినది. మా తల్లిగారు తమ ఎడమమోకాలు తట్టి చూపిరి. ఆమె కొండవైపు చేయి యెత్తి, తలపై గంప పెట్టుకొన్నట్టు చూపినది. మా తల్లిగారు బిందె పెట్టుకొన్నట్టు చూపిరి.

నాలుగవనాటి ప్రొద్దున ఆమె ఒక గాజుసీసాలో ఉప్పులో ఊరిన ఆలివుకాయలు తెచ్చి మా తల్లిగారి చేత పెట్టినది. విమానమున ద్రవములు రానీయరని అమ్మాయి చెప్పగా, మా గృహిణి ఉప్పునీరు వంపి, కాయలను మన మాగాయ డబ్బాలో సర్దినది. మాగాయ డబ్బా ఖాళీయెట్లాయెననగా, అందులోని మాగాయ అప్పటికే వెనుకభాగపు వంటయింట నున్నది.